జగన్నాధం గారి బీపీ కిటికీ

సాలూరులో లారీకి లోడు కావాలంటే లైసెన్సు, పర్మిట్టు తర్వాత సంగతి, ముందు జగన్నాధం గారికి చెయ్యి అప్పగించాలి. ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు గుమస్తా. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. అయినా బీపీ మిషను చేతిలో లేనిదే ఆయనకి పొద్దు గడవదు. పెళ్ళికి పిలిస్తే పీటల మీద పెళ్ళికొడుక్కి పట్టీ చుట్టారు. సొంత తమ్ముడు పొలం గట్టు తగువు చెప్పుకోడానికి వస్తే ముందు కొలిచి, ఈ నంబరుతో తగువేటి, ఇంటికెళ్ళి పడుకోమని తోలేశారు.

ఆఫీసు కిటికీకి మసక అద్దం, దాని కింద చెయ్యి పట్టేంత కంత. డ్రైవరు అందులోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. నంబరు బాగుంటేనే ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కే లోడు. ఎక్కువొస్తే లోడుల వరసలో ఆఖరికి నెట్టేస్తానని ఆయన హుకుం.

మా వైపు మగాడికి కిడ్నీలో రాళ్ళుండొచ్చు, నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు కూడా. టెన్షను మాత్రం ఉండకూడదు. నిద్ర పట్టకపోతే వేడి చేసిందంటాడు, గుండె దడదడలాడితే గ్యాసంటాడు. అలాంటివాళ్ళకి కిటికీ ఎదురుగానే ఒక దారి దొరికింది. టీ కొట్టు అప్పలసూరికి దిగులంటే ఏమిటో తెలీదు. ఎప్పుడు కొలిచినా నూట ఇరవై, ఎనభై. తన నంబరు మీద అనుమానమున్న డ్రైవరు అతన్ని బతిమాలి తీసుకొచ్చేవాడు. కంతలో చెయ్యి అప్పలసూరిది, వెనక నుంచి పేరు చెప్పే గొంతు డ్రైవరుది.

పృథ్వీరాజ్‌కి ఇరవయ్యేడేళ్ళు. భార్య యమునకి నెలలు నిండుతున్నాయి. రెండు నెలలుగా అతనికి సరిగ్గా నిద్రలేదు. మొన్న ఘాట్ మలుపులో కళ్ళు బైర్లు కమ్మి, లారీ లోయ అంచున ఆగింది. ఆ మాట యమునకి కూడా చెప్పలేదు. ఘాట్ మానేస్తే పిరికోడంటారని, అతనూ అప్పలసూరి చెయ్యే పెట్టించాడు. నంబరు దివ్యంగా వచ్చింది. లోడు మాత్రం ఘాట్ లేని రాజాం వచ్చింది. మళ్ళీ పెట్టించాడు, కొత్తవలస వచ్చింది. మూడోసారీ రాజామే అనేసరికి ఒళ్ళు మండి తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు.

"నంబరు బాగున్నాది కదా మావా, నాకు ఘాట్ లోడు ఎందుకియ్యవు?"

జగన్నాధం గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఆ సెయ్యి మీద ధనలక్ష్మి అని పచ్చబొట్టున్నాది. నీ పెళ్ళాం యమున కదరా?"

ధనలక్ష్మి అప్పలసూరి ఇల్లాలు.

"ఈ నెల్లో పదకొండు మంది డ్రైవర్ల సేతుల మీద ఆవిడ పేరే సూసినాను," అన్నారాయన. "బాగున్నోడు తన సెయ్యే పెడతాడు. ఆడి సెయ్యి పెట్టించినోడికే బాగోలేదని లెక్క. ఆళ్ళకి సదును రోడ్డు లోడులు రాస్తన్నాను. ఆఖరికి ఒక్కడినీ నెట్టలేదు."

"నన్నే అడగొచ్చు కదా మావా?"

"అడిగితే సెప్తావేటి?"

చెప్పడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పృథ్వీరాజ్ కుర్చీలో కూలబడి చొక్కా చెయ్యి మడిచాడు. మిషను నూట డెబ్బై, నూట పది చూపించింది. ఊరంతా వినబడేలా నంబరు చదివే మనిషి ఈసారి చదవలేదు, పట్టీ కూడా విప్పలేదు, ఊరికే పక్కన కూర్చున్నారు.

"మలుపులో ఒక్క నిమిసం రోడ్డు కనబడలేదు మావా," అన్నాడు కుర్రాడు. "శానా బయమేసినాది."

అనేశాక ఏడుపొచ్చింది, ప్రాణం కూడా కుదుటపడింది. గురువారం పెద్దాసుపత్రికి వెళ్ళమని, అక్కడ రాసిన మాత్రలు వేసుకుని కంటి నిండా నిద్రపోయేదాకా ఘాట్ పేరెత్తొద్దని ఆయన చెప్పారు. ఎవరికీ చెప్పొద్దని పృథ్వీరాజ్ బతిమాలితే సరేనన్నారు.

గురువారం వెళ్ళేసరికి బీపీ గది ముందు బెంచీ మీద తమ ఆఫీసు డ్రైవర్లే తొమ్మండుగురు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడంలేదు. అతన్ని చూడగానే అందరికన్నా పెద్దవాడు నరసింగరావు గబుక్కున దవడ పట్టుకుని, పన్ను సలుపుతోందన్నాడు. పక్కవాడూ పన్నే అన్నాడు. బెంచీ చివరిదాకా అందరికీ పన్నే.

పళ్ళ డాక్టరు గది మేడ మీద అని పృథ్వీరాజ్‌కి తెలుసు. ఆ మాట ఎత్తలేదు. జరగమని చెప్పి, తనూ దవడ పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాడు.