మోకాలి ఫొటో

పంజాగుట్టలో ఇప్పుడు బట్టల షాపున్న ఆ మేడ మీదే మా క్రీడావిజ్ఞాన పత్రిక ఆఫీసు ఉండేది. నేను సహాయ సంపాదకురాలిని. ఒకసారి మోకాలి గాయాల మీద వచ్చిన వ్యాసంలో ఒక కబడ్డీ క్రీడాకారిణి కాలి ఫొటో ఉంది. ఆమె ఒప్పుకోనిదే అచ్చు వేయనన్నారు మా సంపాదకుడు.

"ముఖం కనబడట్లేదు కదండీ," అన్నారు వ్యాసం రాసిన డాక్టర్‌గారు.

"కాలు ఆ అమ్మాయిదేగా!"

మర్నాడు ఆ అమ్మాయే అమీర్‌పేట నుంచి వచ్చింది. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కింది. ఫొటో చూసి మురిసిపోయింది.

"వెయ్యండి సార్. నా పేరు సుత రాయాలె."

వైద్యం చేయించుకున్నవాళ్ల పేర్లు వేయకూడదని, అది ఆమె మంచికేనని మా సంపాదకుడు ఓపిగ్గా చెప్పారు.

"మరి గా కాలు నాదని మా అమ్మకెట్ల తెలుస్తది?"

ఆయన పకపకా నవ్వారు. "నువ్వే చెప్పుకో తల్లీ. మేం మాత్రం చెప్పకూడదు."

సంచిక రాగానే వచ్చి తీసుకుంది. మెట్ల మీదే నిలబడి అమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, నా మోకాలు బుక్కుల పడ్డది!" ప్రూఫులు పక్కన పెట్టి మేమంతా విన్నాం. ఆ ఆఫీసు తలచుకుంటే నాకు ముందు ఆ గొంతే వినిపిస్తుంది.