తూకపు రాయి అడుగున మట్టి

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యే ముందు ఆదివారం మా బోధన్ చర్చి సంఘం అయ్యగారు యువకులకు ఒక పని చెప్పారు. ఆదివారాలు కాక నలభై రోజులూ ఎవరో ఒకరు పొద్దున్నే ఒక వాక్యభాగం చదివి, మూడు నిమిషాలకు మించని ధ్యానం రికార్డు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అందరూ తలలు దించుకున్నారు. నేను చెయ్యి ఎత్తాను. రోజూ ఒకే సమయానికి ఒకే పని చేయడం నాకు కష్టం కాదు. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివేటప్పుడే ఆ అలవాటైంది.

ఆ రాత్రే ఒక నోటుబుక్కులో నలభై వరుసలు, నాలుగు గళ్లు గీశాను. మొదటి గడిలో వాక్యభాగం. రెండో గడిలో అందులో ఏముంది. మూడో గడిలో అది నాకు ఏం చెబుతోంది. నాలుగో గడిలో ఈరోజు నేను చేసిందేమిటి. ఈ మొదటి మూడు గళ్లూ నిండితే ధ్యానం తయారైనట్టే. నాలుగోది నా కోసం పెట్టుకున్నది, గ్రూపులో చెప్పేది కాదు.

నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్ కాంటాలు అమ్మి, బాగుచేసే దుకాణంలో పని నాది. కిరాణా కొట్టు మీది చిన్న కాంటా నుంచి వడ్ల కొనుగోలు కేంద్రాల్లో బస్తాలు తూచే పెద్ద కాంటా దాకా అన్నీ చూస్తాను. నా మోటారు బండికి అటొకటి ఇటొకటి పెద్ద కాన్వాసు సంచులు కట్టి ఉంటాయి. ఒక్కో దాంట్లో ఇరవై కిలోల తూకపు రాయి. పేరుకు రాయి గానీ పోత ఇనుము. కాంటా సరిగ్గా చూపిస్తోందా లేదా అన్నది ఆ రెండు రాళ్లే చెప్పాలి. రాళ్లు ఏం చెబితే కాంటా అదే నమ్ముతుంది.

మా నాన్నను బాపు అంటాం; వయసులో ఉన్నప్పుడు చెరుకు బండ్లు తోలాడు. కాంటా మీదికి బండి ఎక్కించాక, ముల్లు ఆగేదాకా రైతు ఊపిరి బిగబట్టుకొని నిలబడేవాడని ఎన్నోసార్లు చెప్పాడు. ఏడాది కష్టమంతా ఆ ఒక్క నిమిషంలో తేలుతుందనేవాడు. నేను ఈ పనిలో చేరినప్పుడు ఆయన నాతో అన్నది కూడా అంతే, రైతు ముఖం చూసి పని చెయ్యమని.

ఇరవై ఆరు రోజులు ధ్యానాలు ఆగకుండా పోయాయి. మా సంఘంలో పుట్టి, నవీపేట్ వైపు ఒక ఊరికి కోడలై పోయిన అక్క ఒకామె రోజూ అందరికన్నా ముందు 'ఆమేన్' అని పెట్టేది. ఆ ఊరి వడ్ల కొనుగోలు కేంద్రాన్ని నడిపే మహిళా సంఘానికి ఆమే అధ్యక్షురాలు.

ఆ వారం మంగళవారం సాయంత్రం వాన పడింది. యాసంగి వడ్లు కల్లాల్లో ఉన్నాయి. అక్క దుకాణానికి ఫోన్ చేసి, కాంటా అంకెలు నిలవకుండా ఆడుతున్నాయని చెప్పింది. దుకాణం సేటు నన్నే పంపాడు. పోయి చూస్తే తీగ కలిసే చోట తడి. ఆరబెట్టి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాను. ఆ పని అయ్యేదాకా రెండు రాళ్లనూ పక్కన నేలమీద పెట్టాను. తర్వాత ఎత్తి కాంటా మీద పెట్టి, నలభై కిలోలకు సరిచేశాను. పళ్లెం మీద బురద మరకలు పడితే గుడ్డతో తుడిచాను. నా పనుల జాబితాలో ఏడో అంశం 'రాళ్లు తుడవడం'. పైన గుడ్డ తిప్పి, టిక్కు పెట్టి, వచ్చేశాను.

గురువారం సాయంత్రం ఇరవై ఏడో వరుస నింపాను. సంచిలో ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి పెట్టుకొని తిరగవద్దని ధర్మశాస్త్రంలో ఉన్న మాట. నా పనికి ఇంత దగ్గరైన వాక్యం మళ్ళీ దొరకదనిపించింది. గొంతు సర్దుకొని రికార్డు చేశాను. కాంటా పని చేసేవాడిగా చెబుతున్నాను, తూకం తప్పితే మనిషి తప్పినట్టే అన్నాను. బాగా వచ్చిందని రెండుసార్లు విన్నాను కూడా. శుక్రవారం ఐదున్నరకు గ్రూపులో పెట్టాను. ఐదు ముప్పై రెండుకు అక్క ఆమేన్ వచ్చింది.

ఆరింటికి బండి కడుగుతూ సంచుల్లోంచి రాళ్లు తీశాను. ఒకటి చేతిలోంచి జారి బోర్లా పడింది. దాని అడుగున గుంట ఉంటుంది. ఆ గుంట నిండా ఎండిన మట్టి, మట్టిలో వరిగడ్డి. రెండోది తిప్పి చూస్తే అదీ అంతే.

మంగళవారం తర్వాత వాటిని సంచుల్లోంచి తీయనే లేదు. తర్వాత స్క్రూడ్రైవరుతో మట్టి అంతా గీకి ఒక కాగితంలో పోసి, ఇంట్లో ఉన్న చిన్న కాంటా మీద పెట్టాను. రెండు రాళ్లదీ కలిపి రెండు వందల ఇరవై గ్రాములు. తడి మీద ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. అంటే నలభై కిలోల కంటే బరువైన రాళ్లను చూపించి, ఇదే నలభై అని ఆ కాంటాకు నేర్పి వచ్చాను. బుధ, గురువారాలు రెండు రోజులు నలభై కిలోల ప్రతి బస్తాలో రైతు వడ్లు పావుకిలో దగ్గర దగ్గరగా ఎక్కువ పోయించుకుంది ఆ కాంటా.

అమ్మ వంటింట్లో బియ్యం కడగబోతోంది. కడిగే ముందు రోజూ ఒక పిడికెడు తీసి పక్కన స్టీలు డబ్బాలో పోస్తుంది. డబ్బా నిండినప్పుడు ఆదివారం మా సంఘం గుడికి కానుకగా తీసుకెళ్తుంది. నాకు తెలిసినప్పటి నుంచి ఒక్కరోజు తప్పలేదు, ఎక్కడా రాసుకోనూ లేదు. నేను జరిగింది చెప్పాను. రాళ్లు కడిగేశాననీ, ఇవాళ మామూలు సర్వీసు అని పోయి కాంటా సరిచేసి వస్తాననీ అన్నాను. అమ్మ పిడికెడు తీసి డబ్బాలో పోసి, మూత పెట్టింది.

"రాళ్లు కడిగినవ్, మంచిదే. కేంద్రం నడిపే ఆ పిల్లకు చెప్తవా లేదా?"

చూద్దామన్నాను. అమ్మ బియ్యంలో నీళ్లు పోసింది.

దారిలో లెక్కలు వేసుకుంటూ పోయాను. చెబితే ఏమవుతుంది: ఒకటి, సేటు ఊరుకోడు. రెండు, ఆ ఊళ్లో మా దుకాణం కాంటా మళ్ళీ ఎవరూ పెట్టుకోరు. మూడు, పొద్దున్నే వాక్యం చెప్పే నా నోరు పడిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది: కాంటా ఈరోజు నుంచి సరిగ్గా ఉంటుంది, ఎవరికీ తెలియదు. రెండో జాబితా పొట్టిగా ఉంది. నవీపేట్ దాటేసరికి రెండోదే ఖాయం చేసుకున్నాను.

కేంద్రం దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో అక్క, ఆమె ఎదురుగా ఒక ముసలి రైతు. ఆయన ఊళ్లోని పిండి గిర్నీ కాంటా మీద పది బస్తాలు జోకించుకొని తెచ్చాడట. ఇక్కడ ప్రతి బస్తాకూ తక్కువ వచ్చిందట. ఆడోళ్లు కలిసి రైతుల నోట్లో మట్టి కొడుతున్నారని, అధ్యక్షురాలిని మార్చమని అధికారులకు చెప్తానని అంటున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు అవునంటున్నారు. అక్క ముఖం ఎర్రగా ఉంది. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"గిదో, కాంట చేసిన తమ్మి గీయననే. అడుగుండ్రి." చేతిలో ఫోన్ పైకెత్తింది. "పొద్దున్నే లేసి దేవుని మాట చెప్పే పోరడు. ఇయ్యాల ఏం చెప్పిండో ఇనుండ్రి. గిట్లాంటోడు కాంట తప్పు చేస్తడా?"

ఫోన్‌లోంచి నా గొంతు వచ్చింది. తూకం తప్పితే మనిషి తప్పినట్టే అంటోంది. వడ్ల కుప్పల మధ్య, ఎండలో, అంతమంది ముందు మూడు నిమిషాలూ విన్నాను. నన్ను నమ్మి ఆమె తన పేరు నా మాట మీద పెట్టింది. నేను చాటుగా కాంటా సరిచేసి పోతే, ఆ ఊళ్లో ఆమె ఎప్పటికీ దొంగ. నేను ఎప్పటికీ పొద్దున్నే వాక్యం చెప్పే మంచివాడిని.

జేబులోంచి కాగితం పొట్లం తీశాను. మట్టి పారేయడానికి మనసు రాక జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు అందరికీ కనబడేలా విప్పాను.

"అక్క తప్పు లేదు. సంఘం తప్పు లేదు. తప్పు నాది. గీ మట్టి నా రాళ్ల అడుగున ఉండె. చూడకుండ కాంట సరిచేసిన."

ముసలాయన ముందుకొచ్చి మట్టిని వేలితో అద్ది చూశాడు.

"మీ దేవుని మాట గూడ కింద మట్టి గీకి చెప్తే మంచిగుంటది, కొడుకా."

వెనక ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు, నా వైపు చూడలేదు. ఫోన్ కొంగులో చుట్టుకొని, హమాలీలను పిలవడానికి పోయింది.

శుభ్రంగా కడిగిన రాళ్లు రెండింటినీ అడుగు పైకి తిప్పి అందరికీ చూపించి, కాంటా సరిచేశాను. తర్వాత మళ్ళీ తూకం మొదలుపెట్టాం. అక్కడున్న నలుగురు రైతుల్లో ఒక్కొక్కరి కుప్పలోంచి పది బస్తాలు దింపి జోకి, తేడా ఎంతో చూసి, మిగిలిన బస్తాలకూ అదే లెక్కన వడ్లు తీసి రైతుకు తిరిగి పోయాలి. హమాలీలు తప్పు చేసినవాడే మోయాలన్నారు. సరేనని మోశాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి భుజం తోలు లేచింది. ముసలాయన తన వడ్లు తీసుకొని పోతూ నా పక్కన మంచినీళ్ల చెంబు పెట్టి పోయాడు.

సేటుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. కాంటా ఠీక్ చేసే పనికి పోయినవా, పంచాయితీ పెట్టే పనికి పోయినవా అని అడిగాడు. ఈ సీజన్ అయ్యేదాకా బయటి సర్వీసు వద్దు, దుకాణంలో కూర్చోమన్నాడు. ఇంకా ఎక్కువే అంటాడనుకున్నాను.

అన్నీ అయ్యాక ఇద్దరు రైతులు మిగిలారు. వాళ్ల బస్తాలు గురువారమే లారీలో మిల్లుకు పోయాయి. ఒకాయన ఇల్లు ఆ ఊళ్లోనే. రెండో ఆయన వడ్లు అమ్మగానే మోర్తాడ్‌లో బిడ్డ ఇంటికి పోయాడట. అక్క కాగితం మీద ఇద్దరి బస్తాల లెక్క రాసి నా చేతికిచ్చింది. అప్పుడు మాట్లాడింది.

"నన్ను సాక్ష్యం నిలబెట్టినవ్ గద తమ్మీ. నీ వట్టి మాటలకు ఎన్ని ఆమేన్లు పెట్టిన నేను."

ఇద్దరికీ నేనే ఇచ్చి వస్తానన్నాను.

ఆ సాయంత్రం నోటుబుక్కు తెరిచి నాలుగో గడి పై నుంచి కిందికి చదివాను. ఇరవై ఆరు వరుసల్లో ఇరవై రెండింట 'ప్రార్థించాను' అని ఉంది. అబద్ధం కాదు, ప్రార్థించాను. కానీ ఏడో అంశానికి టిక్కు పెట్టినట్టే పెట్టాను, పైన గుడ్డ తిప్పి. క్షమించమన్న రోజు ఎవరిని క్షమించాను, పొరుగువాడి ఇంటికి పొమ్మన్న రోజు ఎవరింటికి పోయాను, ఏ వరుసలోనూ ఒక్క మనిషి లేడు. వాటిని కొట్టివేయలేదు. ఎట్లా ఉన్నవి అట్లాగే ఉండనిచ్చాను. ఇకమీద ఆ గడిలో ఒక మనిషి, ఒక చోటు, ఒక పని లేకుండా ఏదీ రాయకూడదని మొదటి పేజీ మీద రాసుకున్నాను. అది జరగని రోజు గడి ఖాళీగా ఉంటుంది.

శనివారం ధ్యానంలో కొత్త వాక్యం తీసుకోలేదు. నిన్నటి మాటే మళ్ళీ చెప్పి, ఆ వాక్యం నేను చెప్పేనాటికి నా సంచిలో ఏముందో చెప్పాను. మూడు నిమిషాలు పట్టలేదు. అయ్యగారు ఏమంటారోనని భయపడ్డాను. ఆయన మిగిలిన రోజులు కూడా నన్నే చెప్పమన్నారు. అక్క దగ్గర నుంచి ఆమేన్ రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి తిండికి పెట్టుకున్న వడ్ల బస్తాలు రెండు విప్పాను. బాపు పట్టుకున్నాడు, నేను తూచాను. మోర్తాడ్ ఆయనకు రావాల్సింది ఇరవై ఆరు కిలోలు, నవీపేట్ వైపు ఊరి ఆయనకు పంతొమ్మిది. రాళ్లు తీసేసి ఆ కాన్వాసు సంచుల్లోనే వడ్లు పోశాను. అమ్మ వచ్చి ఒక్కో సంచిలో ఒక పిడికెడు వేసింది. తూకం సరిగ్గానే ఉందన్నాను.

"తూకం నీది. ఇది నాది," అంది.

ముందు దగ్గర ఊరికి పోయాను. ఆయన తీసుకొని, సరే అన్నాడు. అక్కడి నుంచి నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా మోర్తాడ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆయన, బిడ్డ ఇంటి ముందు ఎండబోసిన పసుపు కొమ్ములు కుప్ప చేస్తున్నాడు. నేను ఎవరో, ఎందుకొచ్చానో మొదటి నుంచి చెప్పాను. ఆయన సంచి మూతి విప్పి, ఒక గింజ కొరికి చూశాడు.

"గింతదాని కోసం బోధన్ నుంచి వచ్చినవా?"

"అవును బాపు. మీ వడ్లే."

"నేను చూసుకోనే లేదు," అన్నాడు. సంచి ఖాళీ చేసి, దులిపి, మడతపెట్టి నాకిచ్చాడు. చేతులకు ఉన్న పసుపు సంచికి అంటింది.

ఇంటికొచ్చి ఇరవై ఏడో వరుస నాలుగో గడిలో రాశాను: నలుగురు రైతులు, కేంద్రం దగ్గర. ఒకాయన ఆ ఊళ్లో, ఒకాయన మోర్తాడ్‌లో. అక్క పేరు దగ్గర పెన్ను ఆపాను. ఆమెకు వడ్లు ఇచ్చి తీర్చేది కాదు. ఆ చోటు ఖాళీగా వదిలాను.

సోమవారం ఐదున్నరకు తర్వాతి ధ్యానం పెట్టాను. పెట్టే ముందు రెండు రాళ్లనూ బోర్లించి అడుగు చూసుకున్నాను. బయటి సర్వీసు లేదు కాబట్టి ఆ పని అవసరం లేదు. అయినా చూస్తాను, రోజూ. సేటు మళ్ళీ బయటికి పంపిన రోజు మొదట పోయేది అక్క కేంద్రానికే. అక్కడ ఆమె చేతికే రాళ్లిచ్చి, ఆమెనే తిప్పి చూడమంటాను.