ఫ్రిజ్ ముందు ఇంజనీరు

ఈ మధ్యాహ్నం గల్ఫ్‌లో, కరామా పేటలోని మా ఫ్లాట్ ఏసీ ఆగిపోయింది. రేపే మనవరాలికి ఫిజిక్స్ పరీక్ష. పోయినసారి తప్పింది, మళ్ళీ తప్పితే ఇంజనీరింగ్ ఖలాస్. మా అబ్బాయి మాత్రం కూతురు ఇంజనీరవుతోందని మన ఊరికి ఫోన్ చేసి మరీ ఊరంతా చాటాడు.

హాల్లోకి వెళ్తే, గది చల్లబడాలని ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఎదురుగా కూర్చుని హీట్ చాప్టర్ వల్లెవేస్తోంది.

"దాని వెనకాల చెయ్యి పెట్టి చూడవే."

"అమ్మో, కాలిపోతోంది బామ్మా!"

"ఆ వేడంతా ఎక్కడికి పోతుంది?"

"ఈ గదిలోకే... అయ్యో, ఇది చాప్టర్‌లోనే ఉంది! నాకు మొత్తం నోటికొచ్చు."

"నోటికే వచ్చింది తల్లీ."

తలుపు మూసి, పుస్తకం మొదటి పేజీ తీసింది. ఏసీ ఇంకా బాగవలేదు. మనవరాలు కుదురుగా చదువుతోంది, నేను హాల్లో పచార్లు చేస్తున్నాను. రేపటి పరీక్ష ఎవరిదో మీరే చెప్పండి.