చల్లటి ఇంజన్

నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఆ పొగరుతోనే సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి దిగి బొక్కబోర్లా పడ్డాను.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులవి. మేము కడప నుంచి వచ్చి కొండాపూర్‌లో కిరాయికి ఉంటున్నాం. నా భార్యకు ఆరో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు. అందుకని ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, బైక్ ఎక్కొద్దు, ఆటోల్లో గతుకుల మీద తిరగొద్దు అని. మాకున్నది బైకు ఒక్కటే. సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. బందు పిలుపు ఉన్న రోజు ఆటోలూ క్యాబులూ కనిపించేవి కావు. ఏ రోజు నొప్పులొచ్చినా ఆమెను కుదుపు లేకుండా మాదాపూర్ ఆసుపత్రికి చేర్చే బండి కావాలి. నాకు కావలసింది అంతే.

అంతే అని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు నా కన్ను పెద్ద కార్ల మీద పడింది. కొత్త చిన్న కారు ధరకే పాత పెద్ద సెడాన్ వస్తుందని ఆఫీసులో ఎవరో అన్నారు. లెదర్ సీట్లు, మెత్తటి నడక, కడుపుతో ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మేనేజర్ల కార్ల పక్కన నా కారూ నిలబెట్టుకోవచ్చన్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

కార్లు చూడటానికి నా బైకు బాగుచేసే ఖాజాగూడ మెకానిక్‌ను వెంటబెట్టుకున్నాను. తన షెడ్డు పెట్టుకోకముందు ఆయన పెద్ద కార్ల వర్క్‌షాపులో చాలాకాలం చేశాడు. ఆయన పద్ధతి నాకు మొదట్లో ఒళ్లు మండించింది. బానెట్ తెరవడు, కారు చుట్టూ తిరగడు, నేరుగా వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలితే చాలు, వెనక్కి తిరుగుతాడు. రాయదుర్గంలో ఒకాయన మేం వెళ్లేసరికి ఇంజన్ ఆన్ చేసి, ఏసీ కూడా వేసి ఉంచాడు. శేరిలింగంపల్లిలో ఒక డీలరు ఇంజన్‌ను కడిగి, తుడిచి, పెళ్లికొడుకులా తయారుచేసి పెట్టాడు. నేను మురిసిపోయాను. మెకానిక్ మాత్రం ఆయిల్ ఎక్కడ కారుతోందో కనబడకుండా కడిగేశారని గొణుగుతూ బయటికి నడిచాడు. ఒక రోజు నేను విసుక్కుంటే అప్పుడు చెప్పాడు.

"వేడెక్కిన ఇంజన్ అందరితోటి మంచిగనే ఉంటది సార్. పొద్దుగాల నిద్ర లేపినప్పుడే దాని అసలు గుణం తెలుస్తది."

రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ ఎన్ని తిప్పులకు అందుకుంటుందో చూడాలట. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే ఇంజన్‌లోకి నీళ్లు దిగుతున్నాయని అనుమానించాలి. ఆయిల్ మూత విప్పితే లోపలి నుంచి ఆవిరి తన్నుకు రాకూడదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. ఇవన్నీ అడిగి తెలుసుకుని నేనొక షీట్ తయారుచేశాను. నలభై రెండు వరుసలు. మొదటి వరుస, చల్లటి ఇంజన్ స్టార్ట్.

చివరికి ఖాజాగూడ చెరువు వైపు ఒక విల్లాలో నచ్చిన కారు దొరికింది. అమ్మే ఆయన కోస్తా మనిషి, బెంగళూరుకు బదిలీ అయ్యి వెళ్లిపోతున్నాడు. రెండుసార్లు వెళ్దామనుకుని వెళ్లలేకపోయాం. ఒకసారి రాస్తారోకో. రెండోసారి మెకానికే రోడ్డు మీద వంటావార్పుకు పోయి కూర్చున్నాడు. ఫోన్లో కోప్పడ్డాను. ఆయన గొంతు పెంచకుండా, "కార్లు రోజూ వస్తయ్ సార్, రాష్ట్రం రోజూ రాదు" అన్నాడు. నాకు ఇంకా మండింది.

ఆఖరికి శనివారం పొద్దున కుదిరింది. ఆదివారం బందు, సోమవారం అమ్మే ఆయన ప్రయాణం. నా భార్య కూడా కారు చూస్తానని నెమ్మదిగా మా ఆఫీసు క్యాబ్‌లో వచ్చింది. కారు వరండా పక్కనే ఉంది. మేం అడిగినట్టే రెండు రోజులుగా ఇంజన్ ముట్టుకోలేదని, పాలకు కూడా నడిచే వెళ్లానని ఆయన చెప్పాడు. మెకానిక్ ఎనిమిదింటికి రావాలి. ఎనిమిదిన్నరయింది. ఫోన్ చేస్తే ఊరేగింపు అడ్డమొచ్చిందన్నాడు. ఇంతలో కడప నుంచి మా అమ్మ ఫోన్. తొమ్మిదికి రాహుకాలం వస్తుంది నాయనా, మొదటిసారి తాళం ఆలోపలే తిప్పు, కడుపులో బిడ్డ కోసం కొంటున్న బండి, అంది.

నేను తాళం అడిగాను. అమ్మే ఆయన తటపటాయించాడు. "మీ మెకానిక్ వచ్చేదాకా ఆగితే మంచిదేమోనండి" అన్నాడు. నేను వినలేదు. తొమ్మిదికి పది నిమిషాలుండగా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తాళం తిప్పాను. ఇంజన్ రెండు మూడుసార్లు మూలిగి అందుకుంది. వెనక పొగ ఏ రంగులో వచ్చిందో చూడలేదు, నేను సీట్లో కూర్చుని అమ్మకు ఫోన్లో ఆ చప్పుడు వినిపిస్తున్నాను.

తొమ్మిదింబావుకు మెకానిక్ వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. నా వైపు చూశాడు. ఇంజన్ వేడెక్కాక ఇగ తనకేం తెలియదని, రేపు పొద్దున్నే మళ్లీ వస్తానని అన్నాడు. రేపు బందు, ఎల్లుండి అమ్మే ఆయన ఉండడు. నేను రుసరుసలాడుతూ మిగతా నలభై ఒక్క వరుసలూ చూడమన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. మొదటి వరుసలో నేనే పాస్ అని రాసుకున్నాను. స్టార్ట్ అయింది కదా మరి.

ఆ రోజే డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. చలి మొదలయ్యాక కారు తన గుణం చూపించింది. పొద్దున పూట ఎంతసేపు తిప్పినా పట్టుకునేది కాదు. బ్యాటరీ మార్చాను, లాభం లేదు. మెకానిక్ చూసి లోపల కంప్రెషన్ పోయిందని, ఇంజన్ విప్పాల్సిందేనని, మూడు వారాలు పడుతుందని చెప్పాడు. అప్పటికి డాక్టరమ్మ చెప్పిన తేదీకి రెండు వారాలే ఉంది. రోజూ తెల్లవారుతూనే కిందికి దిగి దాన్ని బతిమాలి స్టార్ట్ చేసేవాణ్ణి. అమ్మినాయన నన్ను ముంచాడని ఆఫీసులో అందరికీ చెప్పాను. మెకానిక్ వేళకు రాలేదని, అసలు ఈ గొడవలే లేకపోతే నాకీ గతి పట్టేదే కాదని కనబడిన వాళ్లందరి దగ్గరా వాపోయాను.

నొప్పులు వచ్చింది కూడా బందు రోజే. ఇంకా ఆరు కాలేదు. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. చివరికి బ్యాటరీ కూడా చచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నారు. నాకు ఏడుపొచ్చింది. స్టీరింగును గుద్దాను. ఆమె తలుపు తెరుచుకుని దిగి, గోడ పట్టుకుంటూ నడిచి బైకు పక్కన నిలబడింది.

ఏ బైకు ఎక్కొద్దన్నారో ఆ బైకు మీదే తీసుకెళ్లాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దాదాపు ఆపి దాటించాను. నా భుజం మీద ఆమె వేళ్లు బిగుసుకున్నప్పుడల్లా వేగం ఇంకా తగ్గించాను. దారి పొడవునా నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను, అమ్మినవాణ్ణి, మెకానిక్‌ను, బందును. కొత్తగూడ దాటాక ఆమె నా వీపుకు తల ఆనించి అంది.

"ఆ పొద్దు తాళం తిప్పింది నువ్వే. నేను వరండాలోనే ఉండా. ఇంగ ఎవురినీ తిట్టాకు, రోడ్డు చూసి పోనీ."

మధ్యాహ్నానికి పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. బట్టలు తేవడానికి ఇంటికొచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఆ షీట్ తెరిచాను. మొదటి వరుసలో పాస్ తీసేసి ఫెయిల్ అని కొట్టబోయి ఆగాను. అదీ నిజం కాదు. ఆఫీసులో నా కింది వాళ్లు ఎవరైనా ఇలా చేస్తే పిలిచి చివాట్లు పెట్టేవాణ్ణి. పాస్ చెరిపేసి, ఆ గడిలో పరీక్ష చేయలేదు అని రాసి, పక్కన నా పేరు పెట్టాను.