మా ఆయన చదివిన రాయి

ఆదివారం ప్రార్థన అయ్యాక మా వీధిలో వాళ్ళంతా ఇంటికి పోయి కోడికూర వండుకుంటారు. మా ఆయన మాత్రం నన్ను బండెక్కించుకుని పాడుబడ్డ గుళ్ళకూ, కొండమీది కోటలకూ బయల్దేరేవాడు. "చర్చిలో కూర్చున్నంతసేపూ నీ మొగుని చూపు కొండమీదే ఉంటాదమ్మా" అని పాస్టరుగారు ఆటపట్టించేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని కానీ లోపల ఒళ్ళు మండేది. పెళ్ళయిన కొత్తలో సినిమాకు తీసుకుపొమ్మంటే ఈ మనిషి నన్నొక దుర్గం ఎక్కించాడు. పైన ఉన్నవల్లా కూలిన గోడలు, గడ్డి మొలిచిన ధాన్యపు గాదెలు, బొగ్గుతో రాసిన ప్రేమికుల పేర్లు. కాళ్ళు బొబ్బలెక్కి దిగాను.

ఆయన బేతంచెర్లలో ఒక బండల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఏ లారీకి ఎన్ని బండలెక్కాయో రాసుకోవడం ఆయన పని. రాతిశాసనాల మీదుండే పాత లిపి ఆయనకు ఎవరూ నేర్పలేదు. జెరాక్సు కాగితాలు ముందేసుకుని తనంతట తానే నేర్చుకున్నాడు. పాపం, ఆయన చదివింది వినే నాథుడే లేడు. ఫ్యాక్టరీలో చెబితే ఆవలించేవారు. పిల్లలు లేచిపోయేవారు. నేను బియ్యం ఏరుకుంటూ ఊకొట్టేదాన్ని, అదీ సగం విని. ఆయన బతుక్కి ఉన్న ఆశ ఒక్కటే. ఇంతవరకూ ఎవరూ చదవని రాయి ఒకటి దొరకాలి, దాన్ని తాను చదవాలి, నలుగురు వినాలి.

ఎర్రమల అడవిలో కూలిపోయిన శివాలయం ముందు అలాంటి రాయి ఉందని ఒక మేకల కాపరి చెప్పాడు. వెళ్ళాం. అక్కడి నందికి తల లేదు, పొట్ట పగలగొట్టి ఉంది. నంది కడుపులో వజ్రాలుంటాయని నమ్మే మహానుభావులకు మా వైపు కొదవ లేదు. మా ఆయన ఆ నంది వీపు నిమిరి, రాయి ముందు కూలబడ్డాడు. నీళ్ళు పోసి కడిగాడు. ఆరాక బియ్యప్పిండి చల్లి అరచేత్తో రుద్దాడు. పిండి గీతల్లోకి దిగి అక్షరాలు తెల్లగా పైకి కనిపించాయి. నేను పొద్దున తలంటుకున్న జుట్టు ఆరబోసుకుని, మజ్జిగలోకి నిమ్మకాయ కోస్తూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే వచ్చారు కింది ఊరి మగాళ్ళు. రాయి మీద పిండి, కోసిన నిమ్మకాయ, బొట్టు లేకుండా జుట్టు విరబోసుకున్న ఆడది. వాళ్ళకు ఇంకేం కావాలి! లంకెబిందెల కోసం క్షుద్రపూజ చేస్తున్నామని తేల్చేశారు.

"ఏమప్పా, యాడోల్లు మీరు? మా గుడికాడ ఏం చేస్తాండారు?"

"శాసనం సదువుతాండా అన్నా" అని మా ఆయన లేచేలోపే చెంప పగిలింది. మేం క్రైస్తవులం, మాకు పూజలేమిటని నేను అరిచాను. అనకుండా ఉండాల్సింది. "అట్లయితే మా దేవునికాడ మీకేం పని?" అని ఇంకో నాలుగు వడ్డించారు. నా జుట్టు పట్టుకుని పక్కకు ఈడ్చారు. ఆయన్ని మంటపం స్తంభానికి తాడుతో కట్టేశారు. ముక్కులోంచి నెత్తురు కారి చొక్కా తడిసిపోయింది.

వాళ్ళలో పెద్దవాడు ఒక తెల్లమీసాలాయన. రాయి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "సదువుతాండా అంటివి గదా, సదువు. కతలు పడితే ఈడనే పూడుస్తాం" అన్నాడు.

అప్పుడు చూడాలి నా మొగుణ్ణి! భయంతో నోరు పెగలదనుకున్నాను. ఆయన పక్కకు తిరిగి నెత్తురు ఉమ్మేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎవరో నాయకుడు ఈ శివుడికి రోజూ దీపం పెట్టే నూనె కోసం చేను ఇచ్చాడు. ఆ చేనికి తూర్పున జోడుగుండ్లనే జంట బండరాళ్ళు, దక్షిణాన వాగు, పడమట పుట్ట, ఉత్తరాన కొండ హద్దులు. ఈ ధర్మాన్ని చెరిపినవాడు గోవును చంపిన పాపాన పోతాడు. ఒక్కో మాట చదివి, అర్థం చెప్పి, మళ్ళీ చదివాడు. ఒక్కరూ ఆవలించలేదు. ఊపిరి బిగబట్టుకుని విన్నారు. నెత్తురు పెదవి మీదికి కారుతున్నా ఆయన ముఖం వెలిగిపోతోంది. మా పెళ్ళిలో కూడా ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. తన్నినవాళ్ళ మీద కంటే ఆ క్షణాన నాకు ఆయన మీదే అసహ్యం వేసింది.

కట్లు విప్పారు. "తప్పయిపాయ సామీ" అంటూ తెల్లమీసాలాయన నీళ్ళిచ్చాడు. ఆయన తాగుతుండగా మెల్లిగా అడిగాడు. "జోడుగుండ్లు అంటివే, ఆ కనపడతాండేవేనా?"

ఇంకేం చెప్పొద్దని నేను ఆయన తొడ మీద గిల్లాను. మా ఆయనకు ఒంటిమీద స్పృహ ఉంటేగా! "అవే అయ్యుండాల. పుట్టంటే ఆ పక్క" అని చెయ్యి చాపి అన్ని దిక్కులూ చూపించాడు.

ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాను. పోలీసుల దగ్గరికి పోదామన్నాను. "ఎంత బాగా ఇనిరో చూస్తివా మే" అన్నాడు వాచిన మూతితో.

నెల తిరక్కుండానే మళ్ళీ పోదామన్నాడు. రాయి అడుగున మట్టిలో కూరుకుపోయిన పంక్తులు మిగిలిపోయాయట. పోయాం. జోడుగుండ్ల మధ్య పెద్ద గుంత. పుట్ట ఉండాల్సిన చోట ఇంకొకటి. శాసనం ముక్కలైపోయింది. ముక్కల అంచున బెజ్జాలున్నాయి. బండల గనుల్లో పనిచేసే ఊరు కదా, జిలెటిన్ పెట్టి పేల్చారు. ఆ అదురుకు గర్భగుడి కప్పు కూడా కూలింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఒకదానికొకటి ఆనించి చూస్తాడు, కుదరదు, కింద పెడతాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఒక రాయి కోసం నేను ఏడవడం అదే మొదటిసారి.

మా బండి చప్పుడు విని వాళ్ళే వచ్చారు. మమ్మల్ని చూసి సిగ్గుపడతారేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. తెల్లమీసాలాయన ముఖం మాడ్చుకుని, "ఏం సామీ, ఏమీ ల్యాకపాయ! గుండ్లకాడ తవ్వితిమి, పుట్టకాడ తవ్వితిమి. రాయి లోపల గూడా సూస్తిమి. మాకు సగమే సదివితివా?" అన్నాడు.

"అది దీపం నూనెకిచ్చిన చేను. అంతే అన్నా. లంకెబిందెలని నేను చెప్పల్యా" అన్నాడు మా ఆయన, చేతిలో ముక్క పట్టుకునే.

"సరే, పోనీలే" అని తెల్లమీసాలాయన జేబులోంచి ఫోను తీశాడు. దాంట్లో ఇంకో రాయి ఫోటో. ఏదో కొండమీద, కోటగోడ పక్కన. యాడుండాదో చెప్పనన్నాడు. "ఇది సదువు. ఈతూరి సరిగ్గా సదువు."

ఈసారి ఎవరూ కట్టెయ్యలేదు. ఎవరూ చెయ్యెత్తలేదు. బండి తాళం నా దగ్గరే ఉంది. "లెయ్యి, పోదాం" అన్నాను. ఆయన చేతిలో ముక్క కింద పెట్టి, ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. వేళ్ళతో ఫోటో పెద్దది చేసి చూశాడు.

"ఇది దానికంటే పాతది మే" అన్నాడు. కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

వద్దని రెక్క పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు. మగాళ్ళంతా ఆయన చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"అందరికీ ఇనపడాల సామీ" అన్నాడు తెల్లమీసాలాయన.

మా ఆయన గొంతు సవరించుకుని, గట్టిగా చదివాడు.