గెడ్డలో దుంపల బుట్ట, టీవీలో మొనగాడు

ఈ ప్రయాణానికి కారణం అరకు అందాలు కాదు, మా ఇంట్లో టీవీ. రెండువేల ఏడులో కేబుల్లో ఒక కార్యక్రమం చూసేవాళ్ళం. ఒక మనిషి ఒకే ఒక్క కత్తితో అడవిలో దిగుతాడు. పురుగులు నమిలి, దుంపలు తవ్వుకుని, చెట్టు మీద పడుకుని, చివరికి నవ్వుతూ బయటికొస్తాడు. నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. మా ఆవిడ మాత్రం అంతా ఉత్తిదేనని కొట్టిపారేసేది. చేతిలో కత్తి, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా అలా బతకొచ్చని నేను వాదిస్తే, "మీరు రైతుబజారుకెళ్ళి పుచ్చు వంకాయలు ఏరుకొస్తారు. అడవిలో ఏం ఏరుకుంటారు?" అంది. మాట పడటం నాకు చేతకాదు. ఆగస్టులో ఒక శనివారం సెలవు పెట్టి, కత్తి, నీళ్ళ సీసా, కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా మాత్రమే సంచిలో వేసుకుని బయలుదేరాను. తిండి ఏమీ పెట్టుకోకూడదని నియమం. పెట్టుకున్నది నేనే, బలవంతం ఎవరూ చేయలేదు.

విశాఖలో కిరండూల్ పాసింజరు ఉదయం ఏడు లోపే కదులుతుంది. అరకు దారిలోని టైడాకి టిక్కెట్టు అప్పట్లో ఇరవై రూపాయల లోపే. శని, ఆదివారాల్లో కూర్చోడానికి చోటు కావాలంటే ఆరింటికల్లా స్టేషన్లో ఉండాలి. ఎస్.కోటలో ఇడ్లీలు అమ్మకానికి వచ్చాయి. పొట్లం విప్పిన వాసనకి పక్కవాళ్ళంతా లేచి కొనుక్కున్నారు, నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను. బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది, సొరంగాలు వస్తాయి. తొమ్మిదిన్నర దాటాక టైడాలో దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది.

మా ఆఫీసు మిత్రుడి బంధువు ఒకాయన అక్కడ బడిపంతులు. ఆయన చెప్పి పంపిన గాసి అనే రైతు స్టేషన్లో నాకోసం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, భుజాన చిన్న గొడ్డలి. రోజంతా వెంట తిరిగినందుకు రెండువందలు ఇస్తానని ముందే కబురు చేశాను. నా సంచి బరువు చేత్తో చూసి, "ఇందల ఏటి తెచ్చినావు బాబూ?" అన్నాడు.

"కత్తి ఒక్కటే, గాసన్నా. అడవిలో ఏది దొరికితే అదే తింటాను."

"ఈ నెల్లో మాకే దొరకదు," అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. అతను నవ్వలేదు. పాత చోళ్ళు, అంటే రాగులు, అయిపోయి, కొత్త పంట ఇంకా చేలోనే ఉండే రోజులవి. ఆ సంగతి తెలియకుండా ఆగస్టును ఎంచుకున్న ఘనుణ్ణి నేనే.

అరగంట నడిస్తే అతని ఊరు, పాతిక ఇళ్ళు. ఊరు దాటగానే గెడ్డ, అంటే కొండవాగు. గాసి అవతలి గట్టెక్కి ముందుకు వెళ్ళిపోయాడు. నేను వెనకబడి నీళ్ళలో ఒక వెదురుబుట్టను చూశాను. రెండు రాళ్ళ మధ్య నీళ్ళు జోరుగా వచ్చి కొట్టేచోట దాన్ని తీగతో కట్టారు. లోపల తెల్లగా, పలుచగా తరిగిన ముక్కలు. ఫొటో తీద్దామంటే చుక్కలు చిమ్మి కెమెరా తడుస్తోంది. తీగ విప్పి, బుట్టను పక్కనే ఉన్న నిలవ నీటి మడుగులోకి జరిపాను. వెలుగు చక్కగా పడింది. నాలుగు ఫొటోలు తీసుకున్నాను. ఈలోగా పైనుంచి గాసి, "బేగి రా బాబూ, వాన ఒచ్చీలోపల దిగిపోవాల," అని కేకేశాడు. పరుగున వెళ్ళాను. బుట్ట మడుగులోనే ఉండిపోయింది.

కొండ మీద రెండున్నర గంటలు తిరిగాం. నేను వేలు పెట్టి చూపించిన ప్రతి ఆకుకీ, ప్రతి కాయకీ గాసి ఓపిగ్గా, "అది కాదు బాబూ," అనేవాడు. ఒక కాయ అతను చూడకుండా కొరికి, చూడకుండానే ఉమ్మేశాను. జలగలు మాత్రం నన్ను బాగానే తిన్నాయి. టీవీలో ఇంతసేపు వెతకడం ఎప్పుడూ చూపించలేదు. అక్కడ తవ్విన చోటల్లా దుంప ఉంటుంది. ఒంటిగంటకి నాకు కళ్ళు తిరిగాయి. గాసి అది గమనించనట్టే నటించి, "ఇంటికాడ కూకుందాం రా," అని గెడ్డను ఎగువన దాటించి, వేరే దారిన కిందికి తీసుకొచ్చాడు.

గాసి భార్య దాలిమ్మ మారు మాట లేకుండా చోడి అంబలి పోసి, కాల్చిన మిరపకాయ ఇచ్చింది. రెండు గిన్నెలు తాగాను. రెండోసారి పోసేటప్పుడు కుండ అడుగున గరిటె గీసుకున్న చప్పుడు వినిపించింది. వాళ్ళ ఆరేళ్ళ మనవరాలు గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

ఒంట్లో బలం రాగానే నోరు లేచింది. టీవీలో మొనగాడి కథంతా చెప్పాను. గాసి శ్రద్ధగా విని, "ఆయనెనక ఫొటో తీసినోడు ఏటి తిన్నాడు?" అని అడిగాడు.

"అది చూపించరు."

"దుంప తవ్వీసి, కాల్సీసుకుని తినీసినాడా? మరి గెడ్డలో ఎయ్యలేదేటి?"

అప్పుడు చెప్పాడు. ఈ రోజుల్లో దొరికేది చేదు దుంప, పచ్చి విషం. ఉడకబెట్టి, పలుచగా తరిగి, బుట్టలో పోసి పారే నీళ్ళలో కట్టాలి. ఒక పగలూ రాత్రీ గడిచి, మర్నాడు సాయంత్రం దాకా నీరు దానిలోంచి పోతూనే ఉండాలి. "నిలవ నీట్లో ఏస్తే ఇసం అక్కడే ఉండిపోద్ది. మా సిన్నప్పుడు పక్కూరోలు అలగ తినీసి, వాంతులయిపోయి పడిపోయినారు. మేం నిన్న పొద్దున్న ఏసినాం. సందేల తీత్తాం. రేత్రికి అదే కూడు."

గిన్నె కింద పెట్టేశాను. ఆ బుట్ట వీళ్ళదే. చెప్పేయాలి. కానీ సిగ్గేసింది. వాళ్ళ అంబలి తాగి, కొండంత కబుర్లు చెప్పి, ఇప్పుడు మీ కూడు పాడుచేశానని ఏ మొహంతో చెప్పను? చడీచప్పుడు లేకుండా వెళ్ళి, బుట్టను మళ్ళీ పారే నీళ్ళలో పెట్టేద్దాం అనుకున్నాను. మధ్యలో పోయిన నాలుగు గంటల మాటేమిటన్నది ఆలోచించకూడదని నిశ్చయించుకున్నాను. కాళ్ళు కడుక్కొస్తానని చెప్పి గెడ్డకి వెళ్ళేటప్పుడు గాసి తోడు లేవబోతే వద్దన్నాను.

దారి తప్పి చేలగట్ల మీద తిరిగి గెడ్డ చేరేసరికి పెద్ద వాన మొదలైంది. మడుగులో బుట్ట లేదు. నీళ్ళు పెరిగి కొట్టుకుపోయిందేమో, పీడా పోయింది అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, దాచడం దేనికి? తడిసి వెనక్కి వస్తే దాలిమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన ఖాళీ బుట్ట, పొయ్యి మీద కుండ, కుండలో తెల్లటి ముక్కలు ఉడుకుతున్నాయి. గెడ్డ పొంగుతుందని ఆవిడ అడ్డదారిన వెళ్ళి ముందే తెచ్చేసింది. మనవరాలు కంచం పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, అది పెట్టకు," అన్నాను. "పొద్దున నేనే ఫొటో కోసం బుట్టని మడుగులోకి జరిపాను."

దాలిమ్మ మొగుడి వైపు చూసింది. "నువ్వే జరిపినావనుకున్నాను. నీరు పెరిగితే పోద్దని."

ఆవిడకు అనుమానం ఎందుకు రాలేదో గాసి తర్వాత చెప్పాడు. ఆ ఊళ్ళో ఒకరి బుట్టను ఇంకొకరు ముట్టరు. ఇంట్లో ఎంత ఆకలున్నా సరే. అందుకే బుట్ట జరిగిందంటే ఇంటాయనే జరిపాడనుకోవడం తప్ప ఆవిడకి మరో ఆలోచన రాలేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దాలిమ్మ కుండ దించి, నీళ్ళు వంపి, ముక్కల్ని మళ్ళీ బుట్టలోకి ఎత్తింది. "సెప్పీసినావు, బాగుంది. రేపు తింటాం," అంది. గాసి ఆ వానలోనే బుట్ట నెత్తిన పెట్టుకుని, నీరు మరీ ఉరవడి లేని పైగెడ్డకి వెళ్ళాడు. దాలిమ్మ పక్కింటి గుమ్మంలో నిలబడి రెండు మాటలు మాట్లాడింది. పక్కింటామె ఏమీ అడగకుండా చేటలో చోడిపిండి తెచ్చి పోసింది. వాళ్ళింట్లో మాత్రం ఎంతుందో నాకు తెలియదు. నా సంచిలో ఆ పిల్ల చేతిలో పెట్టడానికి బిస్కెట్ ముక్క కూడా లేదు. నియమం కదా.

నాలుగున్నరకి ఘాట్ రోడ్డు మీద అరకు నుంచి విశాఖ వెళ్ళే ఆర్టీసీ బస్సు దొరికింది. నలభై రూపాయలు, రెండున్నర గంటలు. దారిలో కెమెరా తెరిచి ఆ నాలుగు ఫొటోలూ చూశాను. చాలా బాగా వచ్చాయి. అవి మీకిక్కడ కనిపించవు, ఎస్.కోట రాకముందే తీసేశాను. టీవీలో చూపించేది నమ్మొచ్చా అని మా ఆవిడ అడిగితే, కత్తి నిజమే, పురుగులూ నిజమే అయ్యుండొచ్చు, ఒక్కడే అన్నదే అబద్ధం అన్నాను. నేను చూసినంతలో అడవిలో ఎవరూ ఒంటరిగా బతకడం లేదు. పారే నీళ్ళూ, పక్కింటి చేటా, ఇతరుల బుట్ట ముట్టని ఊరూ ఉంటేనే అక్కడ ఒక పూట గడుస్తుంది. ఆ రోజు అక్కడ వాళ్ళ మీద పడి బతికినవాణ్ణి నేనొక్కణ్ణే.

వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. వానాకాలంలో టైడా వైపు వెళ్తే మీ భోజనంతో పాటు ఇంకో ఇద్దరికి సరిపడా పట్టుకెళ్ళండి, గెడ్డలో బుట్ట కనిపిస్తే దాటి వెళ్ళండి. నేను రోడ్డెక్కే ముందు దాలిమ్మ గుమ్మంలోకి వచ్చి అన్న మాటే చెబుతున్నాను: "మల్లీ రా బాబూ. ఫొటో కావాలంటే బుట్ట నానే అట్టుకుని నిలబడతాను. నువ్వు నీట్లోకి మాత్తరం దిగకు."