సగం వేగంలో నాన్న

మా అమ్మాయి కంప్యూటర్లో ఒక పాట వేగాన్ని సగానికి తగ్గించింది. పాడే గొంతు బరువెక్కి సాగింది. ఇప్పుడు కావాలనే అలా చేస్తారట. నాకు మాత్రం పుంగనూరు సంత గుర్తొచ్చింది.

నాన్న సంతలో చీరలు అమ్మేవాడు. గొంతు పాడై, డాక్టరు అరవొద్దన్నాక, తన కేకల్ని క్యాసెట్లో రికార్డు చేసి టేప్‌రికార్డర్లో వేసేవాడు. ఒక మధ్యాహ్నం బ్యాటరీ సెల్లుల్లో పవరు తగ్గిపోయి ఆ కేకలు ఈడ్చుకుంటూ వచ్చాయి. అప్పటికింకా బడికి కూడా వెళ్లని నేను, టేప్‌రికార్డర్ లోపలున్న నాన్న అలిసిపోయాడనుకుని మజ్జిగ గ్లాసు తెచ్చి స్పీకరు ముందు పెట్టాను.

బేరమాడుతున్న ఒకామె నవ్వింది. "సూడప్పా, నీ గొంతే ఇంక సాలంటాండాది. రేటు తగ్గించు."

"అలిసింది సెల్లులమ్మా, నేను కాదు," అన్నాడు నాన్న బొంగురుగా.

"రెండు గొంతులూ ఒకే మాదిరి ఉండాయే."

నాన్న ఆమె అడిగిన రేటుకే చీర ఇచ్చేశాడు. టేపు ఆపి, మజ్జిగ తాగి, లేచి తానే కేకలు వేయడం మొదలుపెట్టాడు. టేపులో నాన్నకు విశ్రాంతి దొరికిందని నేను సంబరపడ్డాను.

ఎదుటివాడు అలిసిన వేళ చూసి బేరమాడటం ఆనాడే నేర్చుకున్నాను. అలిసింది ఏ నాన్నో తెలియడానికి మాత్రం నేనూ ఒక అంగడి పెట్టాల్సి వచ్చింది.